ప్రకటనలోని బండి, ముంగిటిలోని బండి

మోటారుకారును కొనువాడు రెండు బండ్లను చూచును. ఒకటి ప్రకటనలోనిది. దాని త్రోవలో గుంటలు లేవు, ఎదురువచ్చు బండ్లు లేవు, దానిని నడుపువాని ముఖమున చెమటయు లేదు. రెండవది ఇంటి ముంగిట నిలిచినది. ఉదయమున అది మొదటి ప్రయత్నముననే కదలునా, నెలకు ఎంత పెట్రోలు త్రాగును, చెడిన భాగము దొరకునా, పిల్లలతో ముసలివారితో ఇఱుకు లేక కూర్చుండవచ్చునా అనునవి ఈ రెండవదానికి చెందిన ప్రశ్నలు. ఈ రెంటి నడుమ గల దూరము కాలక్రమమున ఎట్లు పెరిగి ఎట్లు తరిగెనో విచారించినచో, బండ్లను అమ్మినవారు సామాన్యగృహస్థును గూర్చి ఏమి తలచిరో కూడ తెలియగలదు.

1908 అక్టోబరులో హెన్రీ ఫోర్డు 'మోడల్ టి' అను కారును బయటికి తెచ్చెను. అప్పటికి అమెరికాలో కారు పట్టణములలోని సంపన్నుల వేడుక. పల్లెత్రోవలన్నియు మట్టిత్రోవలు, వాన కురిసిన బురద. ఫోర్డు ఆ బురదను చూచి బండి చేసెను. అది నేలకు ఎత్తుగా నుండెను. వెనేడియము కలిపిన ఉక్కు వలన తేలికయు గట్టితనమును కలిగియుండెను. చెడినచో సేద్యగాడే సుత్తియు రెంచియు పట్టి చాలవఱకు బాగుచేసికొనగలిగెను. వెనుకచక్రమును పైకెత్తి దానికి పట్టా తగిలించి రంపమును, నీటిపంపును ఆడించినవారును కలరు. మొదట దాని వెల సుమారు 850 డాలర్లు. 1913లో హైలాండ్ పార్కు కర్మాగారమున, పనివాడు బండియొద్దకు పోవుటకు మాఱుగా బండియే పనివానియొద్దకు కదలివచ్చు ఏర్పాటు జరిగినది. వెల ఏటేట తగ్గి, 1925 నాటికి అన్నిటికంటె చౌకరకము 260 డాలర్లకు దిగినది.

1917 మొదలు 1923 వఱకు ఫోర్డు కంపెనీ ప్రకటనలకై సొమ్ము వెచ్చింపలేదు. వెచ్చింపవలసిన పనియు లేకుండెను. పొరుగువాని దొడ్డిలో నిలిచిన బండియే ప్రకటన. అది చేయు చప్పుడును, దాని కుదుపులను ఎగతాళి చేయుచు జనులు కథలల్లిరి. ఆ హాస్యోక్తులు పుస్తకములుగ కూడ అచ్చుపడెను. ఫోర్డు వానికి కోపగింపలేదు. నవ్వుచునే కొనువాడు ఎప్పుడును నవ్వుచు వినువానికంటె మేలు గదా!

అయితే ఆ బండిని కదలించుట మొదట అందఱికిని సాధ్యము కాలేదు. ఇంజను ముందు ఇనుప హాండిలును దూర్చి బలముగా త్రిప్పవలెను. అది ఎదురుతన్నిన మణికట్టు విఱుగును. కనుకనే విద్యుత్తుతో నడచు కార్లను అమ్మువారు, త్రిప్పుడు లేదు, పొగ లేదు, కంపు లేదు అని స్త్రీలనుద్దేశించి ప్రకటించిరి. హెన్రీ ఫోర్డు భార్య క్లారా నడిపినది భర్త చేసిన బండి కాదు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను విద్యుత్తుబండి. ఇంతకంటె సూటియైన విమర్శను ఏ పత్రికయు వ్రాసియుండదు. మణికట్టు పురుషునకు మాత్రము ఉక్కుతో చేసినదా? 1912లో కాడిలాక్ బండ్లకు విద్యుత్ స్టార్టరు అమరినది. దానిని ఆడువారి సౌకర్యమని చులకన చేసిన మగవారే కొలది ఏండ్లలో అది లేని బండిని కొనమనిరి. ఫోర్డు బండికి 1919 నాటికి గాని అది రాలేదు. ఇంటిలో ఒకరికి కావలసినదని ప్రక్కకు నెట్టబడిన కోరిక తుదకు ఎల్లరి కోరికయే యని తేలుట ఈ చరిత్రలో పలుమాఱులు కనబడును.

1920 తరువాత కాలము మాఱినది. మొదటి కారును కొన్న కుటుంబము రెండవ కారును కొనదలచెను. ఫోర్డు బండి 1914 మొదలుకొని పదునొకండు పండ్రెండు సంవత్సరములు నలుపు రంగున మాత్రమే వచ్చెను. జనరల్ మోటార్సు కంపెనీకి 1923లో అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోను ఒక్కొక్కరి తాహతునకు ఒక్కొక్క బండిని నిర్ణయించెను, రంగులు వచ్చెను, ఏటేట రూపము మాఱెను, వాయిదాల మీద అప్పును ఇచ్చుటకు 1919లోనే ఆ కంపెనీ ఒక శాఖను స్థాపించియుండెను. ఫోర్డునకు అప్పనిన గిట్టదు. 1923లో ఆయన వేఱొక పద్ధతిని పెట్టెను: వారమునకు 5 డాలర్ల చొప్పున బ్యాంకులో కూడబెట్టుము, వెల పూర్తియైన నాడు బండిని తీసికొనుము అని. నీతికి అది మంచిదే. కాని జనులు బండినెక్కి వాయిదాలు చెల్లింపగోరిరి గాని, నడచుచు కూడబెట్టగోరలేదు. 1927 మే నెలలో, కోటిన్నర బండ్ల పిమ్మట, మోడల్ టి నిలిచిపోయెను.

అదే 1923 జూనులో క్లీవ్‌లాండునందలి నెడ్ జోర్డాన్ అను కార్లవర్తకుడు ప్రసిద్ధమైన ఒక ప్రకటనను ప్రచురించెను. వయోమింగు మైదానమున ఒక యువతి కారులో దూసికొనిపోవుచుండును; ప్రక్కన గుఱ్ఱపురౌతు ఆమెతో పందెమాడుచుండును. దాని వచనమున ఇంజనును గూర్చిగాని, పెట్రోలు ఖర్చును గూర్చిగాని ఒక్క మాటయు లేదు. ఉన్నదెల్ల గాలి, ఎండ, స్వేచ్ఛ. నాటినుండి కార్ల ప్రకటనలలో కారు వెనుకకు జరిగి, కొనువాని కల ముందుకు వచ్చెను. జోర్డాన్ కంపెనీ 1931లో మూతపడినది. ఆ పద్ధతి మాత్రము మూతపడలేదు.

కలను అమ్మి బండిని ఇయ్యని ఘోరము జర్మనీలో జరిగెను. 1938లో హిట్లరు ప్రభుత్వము, ప్రతి శ్రామికునకును 990 మార్కులకు కారు లభించునని చాటెను. వారమునకు 5 మార్కుల చొప్పున బిళ్లలు కొని పుస్తకములో అంటింపవలెను. వడ్డీ లేదు. ఫోర్డు పద్ధతిలో దాచిన సొమ్ముపై వడ్డీయైనను వచ్చెను. ఇక్కడ దాచినవాడు మనసు మార్చుకొనుటకును వీలు లేదు. సుమారు 3,36,000 మంది చేరిరి. యుద్ధము వచ్చెను, కర్మాగారము సైన్యమునకు బండ్లు చేసెను, బిళ్లలంటించిన వారిలో ఒక్కరికిని కారు రాలేదు. బెర్లిను బ్యాంకులోని ఆ సొమ్ము సోవియట్ సేనల వశమయ్యెను. ఏండ్లతరబడి వ్యాజ్యమాడగా, 1961లో వారికి క్రొత్త కారు వెలలో 600 మార్కుల వఱకు తగ్గింపుగాని, 100 మార్కుల రొక్కముగాని ఇచ్చుటకు కంపెనీ అంగీకరించినది. సామాన్యుని పేర చేయబడిన ప్రకటనలలో దీనికంటె పెద్దది, దీనికంటె అబద్ధమైనది నేనెఱుగను.

చిత్రమేమనగా, వాహనప్రకటనలలో సత్యమునకు పేరొందినది కూడ ఆ కర్మాగారపు బండియే. దానిని చెప్పుటకు ముందు ఎడ్సెల్ సంగతి కొంచెము చెప్పవలెను. 1955లో ఫోర్డు కంపెనీవారు తాము చేయబోవు క్రొత్త కారునకు పేరు పెట్టుమని మేరియన్ మూర్ అను కవయిత్రిని కోరిరి. ఆమె పంపిన విచిత్రములైన పేర్లలో ఒకటియు వారికి పనికిరాలేదు. ఏ బండిని చూచిన మీకెట్టి మనిషి స్ఫురించునని కొనుగోలుదారులను ప్రశ్నింపజేసిరి. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లు, తుదకు హెన్రీ ఫోర్డు కుమారుని పేరే పెట్టిరి. 1957 సెప్టెంబరున మహాడంబరముతో వచ్చిన ఆ కారు, పైన పటారము లోన లొటారము అనిపించుకొని, 1959 నవంబరులో ఆగిపోయెను. నష్టము 25 కోట్ల డాలర్లని లెక్కగట్టిరి. బండి స్వభావమును గూర్చి అన్ని ప్రశ్నలు వేసినవారికి తలుపు సరిగా పడుచున్నదా యని చూచుకొనుటకు తీఱిక లేకపోయెను.

ఆ 1959లోనే న్యూయార్కులోని డాయిల్ డేన్ బెర్న్‌బాక్ సంస్థ వోక్స్‌వాగన్ కారునకు ప్రకటనలు వ్రాయ మొదలిడినది. బెర్న్‌బాక్ యూదుడు, హిట్లరు పునాదిరాయి వేసిన కర్మాగారపు బండిని ఆయన సంస్థ అమ్మబూనినది. అందఱును పెద్ద కార్లను పొగడుచుండగా, తెల్లని పుటలో ఒక మూల చిన్న కారు బొమ్మను ముద్రించి, మాది చిన్నదేయనిరి. క్రింద గ్యాలనుకు ఎన్ని మైళ్లు పోవును, టైర్లు ఎంతకాలము మన్నును, నిలుపుటకెంత చోటు చాలును అని ఇంటి లెక్కలు. మఱుసటి ఏడు కారు బొమ్మ క్రింద 'నిమ్మకాయ' అను ఒక్క మాట వేసిరి. మనవారు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి క్రొత్త కారును కదలింతురు. అమెరికాలో ఆ మాట చెడిపోయిన బండికి తిట్టు. లోపలి అరపెట్టె మీది క్రోమియము పట్టీకి మచ్చపడినదని ఆ కారును కర్మాగారమునందే త్రోసివేసితిమని తక్కిన వాక్యముల తాత్పర్యము. ముంగిటి బండి ప్రశ్నలకు ప్రకటనలోని బండి సమాధానము చెప్పుట అంత బాగుగ మునుపెన్నడును జరుగలేదు. 1972 ఫిబ్రవరిలో ఆ కారు సంఖ్యలో మోడల్ టిని మించినది. పట్టీ మీది మచ్చను దాచని ఆ ప్రకటనలు బిళ్లల పుస్తకములను మాత్రము తలపలేదు.

మనదేశమున చాలకాలము కార్లకు ప్రకటన అక్కఱలేకుండెను. అంబాసిడరునకో ప్రీమియర్ పద్మినికో సొమ్ముకట్టి ఏండ్లు వేచియుండువానికి ఆకర్షణమెందులకు? 1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చినపిమ్మటనే మధ్యతరగతి గృహస్థునకు ఎంచుకొను అవకాశము కలిగినది. తరువాతి కాలమున మారుతీవారే, ఎంత ఘనమైన యంత్రమును చూపినను భారతీయుడు 'లీటరుకెంత యిచ్చును?' అని యడుగునని పరిహాసముగ ప్రకటించిరి. అందఱును నవ్విరి, ఏలయన అందఱును అడుగు ప్రశ్నయే యది.

2008 జనవరి 10న ఢిల్లీలో రతన్ టాటా నానో కారును చూపెను. వానలో ఒకే స్కూటరు మీద భార్యాభర్తలును ఇద్దఱు పిల్లలును పోవుట చూచి ఆయనకు ఈ తలంపు పుట్టినదట. వెల లక్ష రూపాయలు, పన్నులు వేఱు. సింగూరులో భూమి తగవు వలన కర్మాగారము గుజరాతునందలి సాణందునకు తరలెను. ఏటికి రెండున్నర లక్షల బండ్లు చేయుటకు కట్టిన కర్మాగారమది. ఏ సంవత్సరమునను లక్ష నానోలైనను అమ్ముడుపోలేదు. కొన్ని బండ్లు మంటలంటుకొనుట ఒక కారణము. కాని పెద్ద కారణము ఒక మాట. ప్రపంచములోకెల్ల మిక్కిలి చౌకయైన కారని పత్రికలు చాటెను. కంపెనీవారును ఆ మాటను వారింపలేదు. తరువాత రతన్ టాటాయే దానిని పొరపాటని యొప్పుకొనెను. ఇరుగుపొరుగువారు పిలిచి చూపించుకొను వస్తువు మీద 'చౌక' యని వ్రాసియున్నచో, అది వస్తువునకు కాక కొన్నవానికే తగిలించిన చీటి యగును. ఫోర్డు బండియు చౌకయైనదే. కాని నాడు పల్లెయంతయు దానినే కొనుచుండెను గనుక అది ఎవనికిని తలవంపు కాలేదు. మన గృహస్థుడు పెట్రోలు లెక్కను పైకడిగెను. ఈ లెక్కను మనసులోనే వేసికొనెను. మఱికొంత సొమ్ము పోగుచేసి మారుతి కొనుటకో, లేదా ఒకరు వాడిన మారుతినే కొనుటకో మొగ్గినవారు పలువురు. నానో తయారీ 2018లో ఆగినది. వానలో స్కూటరు మీది నలుగురు ఇప్పటికిని మన వీధులలో కనబడుచునే యున్నారు.