భీమిలి నల్ల ఇసుక, మెటల్ డిటెక్టరు

జేజి కాసు కరిగించి చేయించిన పెద్దత్త ఉంగరం పోయిన యేడు భీమిలి అలల్లో జారిపోయింది. పిల్లలు డిటెక్టరు కొందామంటున్నారు. కొనేముందు దాని చరిత్ర కొంచెం చూద్దాం.

1881లో గ్రాహం బెల్, అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో తూటా వెతకడానికి ఇట్లాంటి యంత్రమే తెచ్చాడు. తూటా దొరకలేదు. పరుపు కింది స్ప్రింగులు అడ్డమైనాయని చెప్తారు. మన తిప్పలూ అట్లాంటివే. భీమిలి నల్ల ఇసుకలో ఇల్మనైట్ లాంటి ఇనుము కలిసిన ఖనిజాలున్నాయి, పైగా ఉప్పునీళ్ళలో కరెంటు పారుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే చవక మిషను ఉంగరం లేకున్నా కూస్తుంది. మా టెస్టింగ్ భాషలో ఫాల్స్ పాజిటివ్!

1960లలో రూపుదిద్దుకున్న పల్స్ ఇండక్షన్ ఈ రెండు అడ్డాలనూ చాలావరకు దాటుతుంది. కానీ మేకునూ బంగారాన్నీ సరిగ్గా వేరు చెయ్యలేదు, కూసినచోటల్లా తవ్వాల. ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపే రకం ఆ తేడా కొంత చెబుతుంది. మా ఓటు దానికే, నీళ్ళలో మునిగినా చెడనిదైతే. ఇసుక మరీ నల్లగా ఉన్నచోట మాత్రం పల్సే మేలు.

ఇంకోటి. భీమిలి ఒకప్పుడు డచ్చివాళ్ళ రేవు. నేలలో పాత నాణేలు దొరికితే జేబులో వేసుకోరాదు. 1878 నిధుల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాల.