పటాన్‌చెరు దారిలో ఒక పాత ప్రశ్న

మా నారాయణఖేడ్ నుండి హైదరాబాదుకు పోయే దారిలో సంగారెడ్డి దాటాక పటాన్‌చెరు వస్తుంది. 1956 వరకు బీదరు జిల్లాలో, తరువాత మెదకు జిల్లాలో, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్న తాలూకా మాది. ఆ దారిన ఎన్నిమార్లు పోయానో లెక్కలేదు. పటాన్‌చెరు అనగానే నాకు ఫ్యాక్టరీలు, పాడైన చెరువులే గుర్తుకు వచ్చేవి. స్త్రీల ఆరోగ్యానికి సంబంధించిన ఒక వ్యాజ్యం అక్కడ మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఆ వ్యాజ్యం గురించి చదువుతుంటే మా చిన్నమ్మ గుర్తుకు వచ్చింది. రెండవ కాన్పు తరువాత ఆమె గర్భనిరోధక మాత్రలు వాడేది. తలనొప్పి, వికారం అంటే "అందరికీ పడుతున్నాయి, నీకే పడవా?" అనేవారు ఇంట్లో. రక్తపోటు చూసినవారు లేరు. కొన్నాళ్ళకు ఎవరికీ చెప్పకుండా మానివేసింది. ఆమె కోరుకోని మూడవ కాన్పు ఆ తరువాతిదే.

ఆ మాటకు వస్తే, "నీకే పడవా?" అన్న ప్రశ్న మాత్ర పుట్టుకతోనే పుట్టింది. 1956లో ప్యూర్టోరికోలో పేద స్త్రీలపై తొలి పెద్ద ప్రయోగాలు జరిగినప్పుడు, అది ప్రయోగమని వారికి చెప్పలేదు. వందకు 17 మందికి వికారం, తల తిరగడం, తలనొప్పి, కడుపునొప్పి కలుగుతున్నాయని అక్కడి వైద్యురాలు ఎడ్రిస్ రైస్ రే నివేదించారు. ప్రయోగకర్త పింకస్ వాటిని పట్టించుకోలేదు. 1960లో ఎనోవిడ్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి లభించింది. మరుసటి ఏడే, మాత్ర వాడుతున్న స్త్రీకి ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ ఏర్పడిన ఉదంతం బ్రిటన్‌లో వెలుగు చూసింది. 1970లో అమెరికా సెనేటులో విచారణ జరిగితే, మాత్ర వాడిన స్త్రీలలో ఒక్కరినీ సాక్షిగా పిలవలేదు. వారు సభలోనే లేచి నిలదీశారు. మాత్రతో పాటు హెచ్చరిక కాగితం ఇవ్వాలన్న నిబంధన వచ్చింది ఆ ఏడాదే.

ఇక మన పటాన్‌చెరు. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే సూదిమందుపై భారత వైద్య పరిశోధనా మండలి ప్రయోగం మొదలయింది. ఇది మాత్ర కాదు గానీ, మాత్రలలో వాడే నోరెథిస్టిరాన్ అనే హార్మోనుకే సూది రూపం. ఒక మోతాదు రెండు నెలలు పనిచేస్తుంది. మాత్ర పడకపోతే మరునాడే మానవచ్చు, ఒంట్లోకి ఎక్కిన సూదిమందును వెనక్కి తీయలేము. ఇది ప్రయోగమన్న సంగతి అక్కడి స్త్రీలకు తెలియదని హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు గమనించారు. 1986లో ఆ సంఘం, ఢిల్లీలోని సహేలీ తదితరులు కలిసి సుప్రీంకోర్టులో రిట్ వేశారు. అది 2000 ఆగస్టులో గాని ముగియలేదు. నెట్-ఎన్‌ను సామూహికంగా వాడబోమని, తగిన సలహా, పర్యవేక్షణ ఉన్నచోటనే ఇస్తామని ప్రభుత్వం అంగీకరించింది. పద్నాలుగేళ్ళు!

ఇదంతా చదివి మాత్ర విషమని అనుకోవడమూ పొరపాటే. ఎనోవిడ్‌లో ఈస్ట్రోజన్ 0.15 మిల్లీగ్రాములుండేది; నేటి మాలా-ఎన్‌లో, రకం వేరైనా, 0.03 మాత్రమే. ఏడాదికి పదివేల మందిలో మాత్ర వాడనివారిలో 1 నుండి 5 మందికి రక్తపు గడ్డలు ఏర్పడితే, వాడేవారిలో 3 నుండి 9 మందికి ఏర్పడతాయి. గర్భిణులలో అది 5 నుండి 20 వరకు ఉంటుంది. అండాశయ, గర్భాశయ క్యాన్సర్ల ముప్పును మాత్ర తగ్గిస్తుంది కూడా. అయితే అధిక రక్తపోటు ఉన్నవారికి, కళ్ళముందు మెరుపులతో వచ్చే పార్శ్వపు తలనొప్పి ఉన్నవారికి, 35 దాటి పొగతాగే వారికి, కొత్తగా పాలిస్తున్న తల్లులకు ఈస్ట్రోజన్ మాత్ర తగదు. పిక్కలో వాపూ నొప్పీ, ఛాతీలో నొప్పి, ఆయాసం కనిపిస్తే ఆ క్షణమే వైద్యుని వద్దకు పోవాలి.

ఈ నాలుగు మాటలు చెప్పడానికి అయిదు నిముషాలు చాలు. మా చిన్నమ్మకు ఎవరైనా ఆ అయిదు నిముషాలు ఇచ్చి ఉంటే ఆమె మరో పద్ధతికి మారేదేమో. పటాన్‌చెరు స్త్రీలు కోల్పోయినదీ ఆ అయిదు నిముషాలనే. 2017 నుండి ప్రభుత్వం "అంతర" పేరుతో మూడు నెలల సూదిమందును, "ఛాయ" పేరుతో ఈస్ట్రోజన్ లేని మాత్రను ఉచితంగా ఇస్తోంది. ఎంపిక పెరగడం మంచిదే. కాని ఎంచుకునే మనిషికి ముందుగా విషయం చెప్పకపోతే అది ఎంపిక ఎలా అవుతుంది?

ఇప్పుడు బస్సు పటాన్‌చెరులో ఆగినప్పుడల్లా, ఎక్కే దిగే స్త్రీల ముఖాలను చూస్తుంటాను. 1985లో ఆ ఆరోగ్య కేంద్రంలో తమ వంతు కోసం కూర్చున్నవారు ఈనాడు అమ్మమ్మలై ఉంటారు.