ఆముదంతో ఎగిరిన విమానాలు

ముందు నా తప్పు ఒకటి చెప్తా. బీటెక్ సెకండియర్‌లో, అమ్మ కుట్టుమిషన్ బిగుసుకుపోయిందని వంటింట్లోని సన్‌ఫ్లవర్ నూనె పోశా. రెండ్రోజులు బ్రహ్మాండంగా తిరిగింది. నెల తర్వాత చూస్తే లోపలంతా బంక! "మా నాన్న బండి ఇరుసుకి ఆముదం వేసేవాడురా, ఇది పొయ్యమని నీకెవరు చెప్పారు?" అంది అమ్మ.

తాతయ్య వాడిన దాన్ని కందెన అంటారు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి ఇరుసుకి పూసేవాళ్లు. సరే పల్లెటూరి విషయంలే అనుకున్నా. తీరా చదివితే, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు కూడా ఆముదంతోనే ఎగిరాయి!

ఎందుకంటే, ఫ్రాన్స్‌లో సెగాన్ సోదరులు తెచ్చిన 'నోమ్' లాంటి రోటరీ ఇంజిన్లలో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతాయి. పెట్రోల్, గాలి కలిసి ఇంజిన్ పొట్టలోంచే లోపలికి వెళ్తాయి. అక్కడ మినరల్ ఆయిల్ పోస్తే పెట్రోల్‌లో కరిగి కొట్టుకుపోతుంది. ఆముదం అంత తేలిగ్గా కరగదు. అందులో దాదాపు 90 శాతం ఉండే రిసినోలిక్ ఆమ్లం వల్ల అది చిక్కగా ఉంటుంది, లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది.

కానీ వాడిన నూనె ట్యాంకుకి తిరిగి రాదు, పొగతో పాటు బయటికి చిమ్ముతుంది. సాప్‌విత్ క్యామెల్ లాంటి విమానాలు నడిపే పైలట్లు ఆ తుంపరలు పీల్చేవాళ్లు. ఆముదం కడుపులోకి వెళ్తే ఏమవుతుందో మన ఇళ్లలో చెప్పక్కర్లేదు కదా! పైన శత్రువు, లోపల కడుపు.

యుద్ధం ముదిరేసరికి ఆముదానికి కరువొచ్చింది. అమెరికా ఆసియా నుంచి గింజలు తెప్పించి, తన నేలలో లక్ష ఎకరాలకు పైగా ఆముదం సాగు చేయించడానికి పూనుకుంది. మన నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో కనిపించే ఆ మొక్కే అక్కడ యుద్ధ సామగ్రి అయిపోయింది.

మరి ఎందుకు పోయింది? వేడికి ఆముదం కూడా ఆక్సిజన్‌తో కలిసి వార్నిష్‌లా అంటుకుంటుంది. నూనె మళ్లీ మళ్లీ తిరిగే ఇంజిన్లకి అది పెద్ద తలనొప్పి. యుద్ధం తర్వాత రోటరీలు వెనకబడ్డాయి, మినరల్ ఆయిల్ గెలిచింది. పేరు మాత్రం మిగిలింది. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తెచ్చిన క్యాస్ట్రాల్‌కి ఆ పేరు క్యాస్టర్, అంటే ఆముదం నుంచే వచ్చింది.

నా పొరపాటు కూడా అప్పుడు అర్థమైంది. సన్‌ఫ్లవర్ నూనె ఆముదం కంటే తొందరగా ఆక్సిజన్ పట్టుకుని బంకవుతుంది. నూనె అయితే చాలు అనుకున్నా. ఏ యంత్రానికి ఏ నూనో తాతయ్యకి తెలుసు, నాకు తెలీదు.

మిషన్ విప్పి, కిరోసిన్‌తో కడిగి, అమ్మకి అప్పగించా. ఈరోజు మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కసారి అడగండి, కందెన ఎలా చేసేవాళ్లో. వాళ్లు చెప్పింది కామెంట్‌లో రాయండి, ప్రతిదీ చదువుతా.