అత్తెసరు

పదో తరగతి ఫలితాలొస్తే ఒక మాట తప్పదు: అత్తెసరు మార్కులు. చాలా సబ్జెక్టుల్లో నూటికి 35 వస్తే పాస్. అలా గట్టెక్కినవాళ్లు పెద్దయ్యాక కూడా ‘మాది అత్తెసరు బతుకే’ అని నొచ్చుకుంటుంటారు.

మాట పుట్టింది వంటింట్లో.

బియ్యం వేసేముందు మరగబెట్టే నీళ్లు ఎసరు. గంజి వార్చే పనిలేకుండా, అన్నం ఉడకడానికి సరిగ్గా సరిపోయేంత పోస్తే అత్తెసరు. ఆ ‘సరిపోయేంత’ కాస్తా ‘బొటాబొటి’గా జారి జీతాలకూ, మెజారిటీలకూ అంటుకుంది. పొయ్యి దగ్గర మాత్రం ఇది తక్కువతనమేమీ కాదు, చేయి తిరిగినవాళ్ల పని: కొలత తప్పితే అన్నం మాడుతుంది, లేదా ముద్దవుతుంది. పైగా గంజితో వార్చేసే బి విటమిన్లు ఇందులో చాలావరకు అన్నంలోనే ఉంటాయి. ఇవాళ కుక్కర్లో మనం వండుకునేదంతా అత్తెసరు అన్నమే.