క్షయరోగ నిర్ధారణ చరిత్ర: ఆరోగ్యవరము, మద్రాసు, తుమకూరు

ద్వితీయోపదేశకాండము 28:22లో, శాపముల వరుసలో, క్షయరోగము కూడ ఉన్నది. హెబ్రీ మూలములోని 'షహెఫెత్' అను మాటకు శరీరమును క్షీణింపజేయు రోగమని అర్థము. అది నేడు మనము టి.బి. అని పిలుచు వ్యాధియేనని రుజువు చేయుటకు ఆధారము లేదు. అయినను మన సంఘములలో దగ్గుతో చిక్కిపోయిన మనిషిని చూచి ఈ వచనమును తలచుకొనువారు ఉన్నారు. రోగులు దగ్గును దాచుకొనుటకు ఇదియు ఒక కారణమని మా అభిప్రాయము. కాబట్టి ఈ రోగమును గుర్తించుట మనుష్యులు ఎలా నేర్చుకొన్నారో పరిశీలింతము.

చాలాకాలము వైద్యులకు లక్షణములే ఆధారము. ఎడతెగని దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, తెమడలో రక్తము. ఇవి ఇతర ఊపిరితిత్తుల వ్యాధులలోను కనబడును గనుక పొరపాట్లు జరిగేవి. 1816లో పారిస్‌లో లేనెక్ అను వైద్యుడు స్టెతస్కోపును కనిపెట్టి, రొమ్ములోని శబ్దములను విని రోగమును పోల్చుట నేర్పాడు. ఆయనే 1826లో క్షయతో మరణించాడు. రోగము వంశములో వచ్చునని ఐరోపాలో అనేకులు నమ్మిన రోజులవి. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ దీనికి కారణమైన క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. రోగి దగ్గినప్పుడు అది గాలిలో చేరి ఇతరులకు సోకును. తెమడను గాజుపలకపై పూసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూచినయెడల ఎర్రని చిన్న కడ్డీలవలె కనబడును.

కారణము తెలిసినను మందు లేదు. విశ్రాంతి, శుభ్రమైన గాలి, మంచి ఆహారము, ఇంతే చికిత్స. అందుకొరకే 1912లో అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె సమీపమున అనేక మిషనులు కలిసి క్షయరోగ శానటోరియమును స్థాపించాయి. ఆ స్థలమే ఆరోగ్యవరము. డెన్మార్కు దేశపు మిషనరీ వైద్యుడు డా. క్రిస్టియన్ ఫ్రిమోట్-మోల్లర్ దానిని నడిపించాడు. ప్రభువు బల్లయొద్ద ఇంకను ఏకము కాని మిషనులు రోగుల మంచములయొద్ద ఏకమైనవి. ఐక్యతను గూర్చి వ్రాయువారు ఈ సంగతిని తరచుగా విడిచిపెట్టుదురు.

1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చిన తరువాత ఒక ప్రశ్న లేచినది. మందులుండగా రోగిని ఇంటినుండి వేరుచేయవలెనా? 1956లో మద్రాసులో ప్రారంభమైన పరిశోధన కేంద్రము బీద రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు శానటోరియములోను, మరియొక గుంపునకు ఇండ్లలోను ఒక సంవత్సరము మందులిచ్చినది. ఇంటివారి ఆహారము తక్కువ, విశ్రాంతియు తక్కువ. అయినను 1959లో వెలువడిన ఫలితములలో ఇంటి చికిత్స ఇంచుమించు సమానముగా పనిచేసినది. రోగి ఇంట ఉన్నందున కుటుంబమునకు అదనపు ప్రమాదము కూడ కనబడలేదు. ఈ ఫలితము రోగిని వెలివేయు అలవాటునకు ఆధారము లేకుండ చేసినదని మేము భావించుచున్నాము.

మమ్మును ఎక్కువగా కలవరపరచినది తుమకూరు అధ్యయనము. కర్ణాటకలోని ఆ జిల్లా గ్రామములలో బెనర్జీ, ఆండర్సన్ అను ఇద్దరు పరిశోధకులు చేసిన పరిశీలన 1963లో ప్రచురింపబడినది. గ్రామస్థులు అజ్ఞానులు, రోగమును లెక్కచేయరు అని అందరు అనుకొనేవారు. తీరా అడిగితే, రోగులలో ఎక్కువమంది తమ దగ్గును గూర్చి తెలిసియే ఉన్నారు. సుమారు సగముమంది అప్పటికే ఆసుపత్రి గడప తొక్కారు. అక్కడ తెమడ పరీక్ష చేయక, దగ్గు మందు సీసా ఇచ్చి పంపివేశారు! వచ్చినవాడు చెప్పినది వినకపోవుటయే లోపము.

మన కాపరులకు ఇందులో పని ఉన్నది. గృహదర్శనములలో ఎవరి దగ్గు ఎన్ని వారములనుండి ఉన్నదో వైద్యునికంటె ముందుగా కాపరికే తెలియును. ప్రార్థన చేసి లేచి వచ్చుట సులభము, "తెమడ పరీక్ష అయినదా?" అని అడుగుటకు మరొక నిమిషము పట్టును.

1962లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము ఈ అనుభవముపైననే ఆధారపడినది. ఊరూర రోగులను వెదకుటకంటె, దగ్గుతో తమంతట తాము ఆసుపత్రికి వచ్చినవారి తెమడను పరీక్షించుట దాని ప్రధాన పద్ధతి. నేడు రెండు వారములు మించిన దగ్గునకు పరీక్ష చేయవలెనన్నది నియమము. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షయు మందులును ఉచితము.