దిగని వృషణం: ఎదురుచూపుల చరిత్ర

గర్భస్థ మగశిశువులో వృషణాలు మొదట కడుపులో, మూత్రపిండాల సమీపాన ఏర్పడతాయి. పుట్టే వేళకు గజ్జల గుండా వృషణకోశంలోకి దిగుతాయి. ఈ ప్రయాణాన్ని వివరంగా పరిశీలించినవారిలో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ముఖ్యుడు. 1762లో వెలువడిన తన రచనలో, వృషణాన్ని కిందికి నడిపిస్తున్నట్లు తోచిన త్రాడువంటి కణజాలానికి ఆయన ‘గుబర్నాక్యులమ్’ అని పేరుపెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు చుక్కాని అని అర్థం.

దారి తెలిసినా, దిగని వృషణాన్ని దించే ఉపాయం శతాబ్దానికి పైగా దొరకలేదు. ఆ రోజుల్లో కోత పెడితే చీముపట్టి ప్రాణం పోయే ప్రమాదముండేది. లిస్టర్ క్రిమినాశక పద్ధతి వచ్చిన తరువాతనే, 1877లో ఎడింబరోలో థామస్ అన్నండేల్ మూడేళ్ల బాలునికి ఈ శస్త్రచికిత్స విజయవంతంగా చేశాడు. 1899లో షికాగో వైద్యుడు ఆర్థర్ బెవన్ మెరుగైన పద్ధతిని ప్రచురించాడు.

అయినా ‘ఎప్పుడు చేయాలి?’ అన్న ప్రశ్న మిగిలింది. యుక్తవయస్సులో దానంతటదే దిగవచ్చునని వైద్యులు ఏళ్ల తరబడి ఆగమనేవారు. నా ఉద్యోగపు తొలినాళ్లలో ఒక తండ్రి పన్నెండేళ్ల కుమారుణ్ణి తీసుకువచ్చి, “పెద్దయితే అదే దిగుతుందన్నారండీ” అన్నాడు. ఆ మాట ఊరి పెద్దలది మాత్రమే కాదు, ఒకనాటి వైద్యులదీ.

1920లలో కార్ల్ మూర్ జంతువులపై చేసిన ప్రయోగాలు, కడుపులోని వేడికి వీర్యకణాల ఉత్పత్తి దెబ్బతింటుందని చూపాయి. తరువాతి పరిశోధనలలో, ఆ నష్టం పసితనంలోనే మొదలవుతుందని తేలింది. 2007లో వెలువడిన స్వీడన్ అధ్యయనం ప్రకారం, 13 ఏళ్లు దాటాక శస్త్రచికిత్స జరిగినవారిలో వృషణ క్యాన్సర్ ముప్పు, అంతకుముందే జరిగినవారికంటే సుమారు రెట్టింపు. ఇలా చికిత్స వయస్సు క్రమంగా తగ్గుతూ వచ్చింది.

నెలలు నిండి పుట్టిన మగశిశువులలో నూటికి సుమారు ముగ్గురికి ఈ లోపం ఉంటుంది. నెలలు నిండక పుట్టినవారిలో ఇంకా ఎక్కువ. చాలామందిలో తొలి నెలల్లోనే సర్దుకుంటుంది. ఆరు నెలలు దాటాక దిగడం అరుదు. కనుక తల్లులారా, బిడ్డకు గోరువెచ్చని నీళ్లు పోసేటప్పుడు ఒకసారి గమనించండి. ఆరు నెలలకూ దిగకపోతే పిల్లల శస్త్రవైద్యునికి చూపించండి. ఏడాదిన్నరలోపు చికిత్స పూర్తికావాలి. పుట్టినప్పుడే రెండూ చేతికి తగలకపోతే అప్పటివరకూ ఆగకుండా వెంటనే చూపించాలి. వైద్యులే విడిచిపెట్టిన ఎదురుచూపును ఇళ్లలో మనం కొనసాగించరాదు.