క్రోన్ వ్యాధి: దాని చరిత్ర, దాని గుర్తులు



నారాయణఖేడు తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలో నుండెను. పిమ్మట మెదకు జిల్లాలో చేరెను. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. జిల్లా పేరు మాఱినను మీ చెలకలు మాఱలేదు. రోగములకును ఇట్టి చరిత్ర కలదు. ఒకే వ్యాధి ఒక కాలమున ఒక పేరున, మఱియొక కాలమున వేఱొక పేరున చెల్లుచుండును. అయితే ఊరికి పేరు మాఱినందువలన నష్టము లేదు. రోగమునకు తప్పుపేరు పెట్టినచో ప్రాణమునకే ముప్పు. అట్టి వ్యాధులలో నొకటియగు క్రోన్ వ్యాధిని గూర్చి నేడు మనవి చేసెదను.

1882లో జర్మనీ దేశీయుడగు కాక్ పండితుడు క్షయరోగపు సూక్ష్మజీవిని కనుగొనెను. అటుపిమ్మట, ప్రేగుగోడ దళసరియై పుండ్లు పడిన రోగులను పెక్కుమందిని వైద్యులు క్షయరోగులుగానే యెంచుచుండిరి. కాని కొందఱి ప్రేగులలో ఎంత వెదకినను ఆ జీవి కానరాలేదు. 1913లో గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు డాల్జీల్ అట్టి రోగులు పదుమువ్వురను గూర్చి వ్రాయుచు, ఈ వ్యాధి పశువులకు వచ్చు జోనీ వ్యాధిని పోలియున్నదనెను. మేత మేయుచునే నీళ్ల విరేచనములతో చిక్కి శల్యమగు ఆవును మీలో కొందఱు చూచియేయుందురు. పశువులనుండి ఈ వ్యాధి మనుష్యునకు సంక్రమించునని మాత్రము నేటివఱకు రుజువు కాలేదు.

1932లో న్యూయార్కు నగరమందలి మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనువారు పదునలుగురు రోగుల వృత్తాంతము ప్రకటించి, ఇది క్షయ కాదు, వేఱొక వ్యాధి యని నిరూపించిరి. అక్షరక్రమమున క్రోన్ పేరు ముందుండుటచే ఆ పేరే నిలిచెను. చిన్నప్రేగు చివర మాత్రమే ఇది పుట్టునని తొలుత తలచిరి. నోటినుండి ఆసనము వఱకు ఎచ్చటనైనను రావచ్చునని తరువాత తేలినది.

ఈ కథలో ఒక తెలుగువాని పాత్రయు కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దఱు స్ప్రూ అను ప్రేగువ్యాధిచే మరణించిరి. అది క్రోన్ వ్యాధి కాదు. తరువాత వారు అమెరికాలో ఫోలికామ్లముపై జరిపించిన పరిశోధనల దారిలోనే మెథోట్రెక్సేటు అను మందు వెలువడెను. క్రోన్ రోగులకును అది మేలుచేయునని 1995లో ప్రకటింపబడెను. అప్పటికి సుబ్బారావుగారు గతించి నలువదియేడేండ్లు.

ఇది పాశ్చాత్యుల రోగము, పట్టణవాసుల రోగము అను నమ్మకము చిరకాలముండెను. హైదరాబాదునందలి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ఉదరబాధలున్న 30,000 మందికి పైగా పరీక్షించి, 2023లో ఫలితములు ప్రకటించిరి. అందు ప్రేగువాపు వ్యాధులు పల్లెవాసులలోను పట్టణవాసులలోను వందకు ఇంచుమించు ఐదుగురి చొప్పున కనబడెను. ఆ వ్యాధులలో క్రోన్ వ్యాధి యొకటి.

ఇక గుర్తులు వినుడు. నాలుగు వారములకు మించి విరేచనములు విడువకుండుట, లేక తగ్గి మరల మరల వచ్చుట, రాత్రి నిద్రనుండి లేపు విరేచనము, బొడ్డునకు క్రింద కుడివైపున నొప్పి, కారణము తెలియని జ్వరము, తిన్నది వంటబట్టక బరువు తగ్గుట, రక్తహీనత, నోటిపూత, కీళ్లనొప్పులు, కండ్లు ఎఱ్ఱబాఱుట, ఆసనముచెంత చీము కారు భగందరము. కొందఱికి విరేచనములో రక్తము, జిగట పడును. పిల్లలయందు ఎదుగుదల ఆగుటయే మొదటి గుర్తు కావచ్చును. వీనిలో ఏ యొక్కటియు ఒంటరిగా ఈ వ్యాధిని నిర్ణయింపజాలదు. రెండుమూడు కలిసి వచ్చినచో ఉపేక్షింపరాదు. కడుపు ఉబ్బి, వాంతులగుచు, మలము, వాయువు రెండును వెడలకున్నచో ప్రేగు మూసికొనిపోయినదని అనుమానించి, ఆ గడియయే ఆసుపత్రికి చేర్పవలెను.

ఈ గుర్తులలో పెక్కు ప్రేగుక్షయకును కలవు. మన దేశమున క్షయ నేటికిని విస్తారముగా నున్నది గావున చిక్కంతయు ఇచ్చటనే. క్షయ కానివానికి నెలలతరబడి క్షయమందు లిచ్చినచో కాలము వృథాయై రోగము ముదురును. క్షయ యున్నవానికి క్రోన్ వ్యాధిమందు లిచ్చినచో, అందు కొన్ని శరీరపు రక్షణశక్తిని అణచునవి గావున, క్షయ చెలరేగును. కావుననే రక్తమును, మలమును పరీక్షించి, కొలనోస్కోపు అను గొట్టముతో ప్రేగును చూచి, చిన్న తునుక తీసి సూక్ష్మదర్శినితో పరిశీలింపుదురు. అప్పుడును కొన్ని వేళల నిర్ణయము కష్టమే.

పెద్దలారా! ఇంటిలో పడుచువాడు చిక్కిపోవుచుండగా, దిష్టి యనియో, వేడి యనియో, క్షయ యనియో పేరు పెట్టునది తఱచుగా మనమే. ఆ పేరునుబట్టియే వాని నెచ్చటికి తీసికొనిపోవలెనో నిర్ణయమగును. డాల్జీలును క్రోనును చేసిన పని యేమనగా, లోకము పెట్టిన పేరును నమ్మక, రోగిని చూచుట. మనమును పరీక్షకు ముందు పేరు పెట్టకుందము. ఈ వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు లేదు; అణచియుంచు మందులు కలవు. అవి వేళకు అందినచో రోగి పొలము దున్నుకొనవచ్చును, సంసారము నడుపుకొనవచ్చును. చుట్ట, బీడి మానుట మాత్రము తప్పనిసరి. పొగ ఈ వ్యాధిని ముదిరించును.

ఇక సెలవు.